ఫైర్‌వాల్ కొనాలా, రౌటర్ చాలా? కొటేషన్‌లో మాటలు అర్థమయ్యాకే డబ్బులు తీయండి

మొన్న మా పెద్దమ్మ కొడుకు వాట్సాప్‌లో మూడు కొటేషన్ల ఫోటోలు పంపాడు, కింద ఒకటే లైను, "తమ్మీ, మూడూ ఫైర్‌వాలే అంటున్నారు, ఒకటేమో 9 వేలు, ఒకటేమో 80 వేలు, నాకు దిమాక్ ఖరాబ్ అయితుంది" అని. అన్నకి హిమాయత్‌నగర్‌లో సీఏ ఆఫీసు ఉంది. 14 సిస్టమ్స్, మూలన ట్యాలీ పెట్టుకున్న సర్వర్ పీసీ ఒకటి, ఆరు కెమెరాలు, వచ్చిపోయే క్లయింట్లకి వైఫై, అంతే సంగతి. మొదటి కొటేషన్ చూస్తే అది కొంచెం మంచి రౌటర్, రెండోది మూడేళ్ల లైసెన్స్‌తో యూటీఎం బాక్స్ (ఫైర్‌వాల్, యాంటీవైరస్ లాంటివన్నీ కలిపిన డబ్బా), మూడోది 35 వేలకి ఒక మినీ పీసీలో ఫ్రీగా దొరికే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇస్తామని. మూడింటి మీదా "ఫైర్‌వాల్" అని పెద్దక్షరాలతో రాసుంది, అబద్ధం కూడా కాదు, ఎందుకంటే నెట్‌వర్క్‌లోకి వచ్చేపోయే డేటాలో దేన్ని వదలాలో దేన్ని ఆపాలో చూసే కాపలా ఏదైనా ఫైర్‌వాలే, అదే అసలు చిక్కు.

ఈ పని నేను పదేళ్లుగా చేస్తున్నా, అమీర్‌పేటలో కోర్సు చేసి చిన్న ఆఫీసులకి నెట్‌వర్క్‌లు వేస్కుంటూ బతుకుతున్నోడిని, కాబట్టి అన్నకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఏ మాటకి ఏ పనో తెలిస్తే రేటు దానంతటదే అర్థమవుద్ది.

ముందు రౌటర్ సంగతి. నెట్ కంపెనీ వాడు ఫ్రీగా ఇచ్చి పోయే డబ్బా కూడా రౌటరే, దాని పని లోపలి నెట్‌వర్క్‌ని బయటి ఇంటర్నెట్‌కి కలపడం. లోపల మన డివైజ్‌లకి ఎక్కువగా 192.168తో మొదలయ్యే ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఇంటి నంబర్ లాంటివి) ఉంటాయి, బయటికి మాత్రం ఒక్కటే పబ్లిక్ ఐపీ కనిపిస్తుంది, ఈ మార్పిడినే నాట్ అంటారు. ఇది 1994లో ఐపీ అడ్రస్‌లు సరిపోవట్లేదని పుట్టిన ఉపాయం, సెక్యూరిటీ కోసం చేసింది కాదు. కానీ లోపలి నుంచి ఎవరూ అడగకుండా బయటి నుంచి వచ్చే ప్యాకెట్‌ని (డేటా ముక్కని) ఎవరికివ్వాలో దానికి తెలీదు కాబట్టి పడేస్తుంది, అందుకే ఏమీ కొనకపోయినా కొంత కాపాడుతూనే ఉంటుంది. మరి ప్రమాదం ఎక్కడ్నించి వస్తదంటే, మనమే బొక్క పెట్టుకుంటాం. కెమెరాలు పెట్టేవాడొచ్చి "సార్ మీరు ఇంట్లోంచి చూస్కోవాలంటే పోర్ట్ ఫార్వర్డ్ చేయాలి" అని ఒకటి తీస్తాడు (పోర్ట్ అంటే ఐపీ అడ్రస్‌కి ఉండే నంబర్ వేసిన తలుపు లాంటిది), ట్యాలీ వాడొచ్చి రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి ఆ పీసీ వాడుకోవడం) కోసం 3389 పోర్ట్ తీస్తాడు, ఇద్దరూ వెళ్లిపోతారు, పోర్ట్‌లు మాత్రం అక్కడే ఉంటాయి. బయట రాత్రీపగలూ స్కాన్ చేసే మెషిన్లు ఉంటాయి, వాటికి మీ ఆఫీసు చిన్నదా పెద్దదా అనే పట్టింపు లేదు. 3389 తెరిచి, వీక్ పాస్‌వర్డ్ పెట్టి, పొద్దున వచ్చేసరికి ఫైళ్లన్నీ లాకైపోయిన ఆఫీసులు నేను ఒకటి కంటే ఎక్కువే చూశా.

దీనికి తోడు రౌటర్‌లో "డీఎంజెడ్" అని ఒక ఆప్షన్ ఉంటుంది. పేరు గంభీరంగా ఉంటుంది కదా, సెక్యూరిటీ పెరుగుద్దని ఆన్ చేసినోళ్లని కూడా చూశా. అసలు డీఎంజెడ్ అంటే బయటి జనం చూడాల్సిన సర్వర్లని లోపలి నెట్‌వర్క్‌తో కలపకుండా వేరే గదిలో పెట్టడం, పెద్ద ఆఫీసుల్లో ఫైర్‌వాల్‌కి దానికోసం కేబుల్ గుచ్చే వేరే పోర్ట్ ఇస్తారు. ఇంటి రౌటర్‌లో ఆ ఆప్షన్ చేసేది దాదాపు రివర్స్, మీరు రాసిన ఒక్క కంప్యూటర్‌కి బయటి ట్రాఫిక్ మొత్తం తోసేస్తుంది, పైగా ఆ కంప్యూటర్ మిగతావాటి పక్కనే కూర్చుని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఇది చదవడం ఆపి ముందు ఆఫ్ చేసి రండి.

ఇక నేను ఎక్కువ సేపు చెప్పేది స్విచ్ గురించి, అంటే ఆఫీసులో కేబుళ్లన్నీ వచ్చి కలిసే డబ్బా, ఎందుకంటే దీన్ని ఎవరూ సెక్యూరిటీ లెక్కలో వేయరు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక క్లినిక్‌కి నెట్ స్లో అంటే పోయా. రిసెప్షన్‌లో కుర్చీలో కూర్చుని గోడ మీద అంటించిన గెస్ట్ వైఫై పాస్‌వర్డ్ ఫోన్‌లో కొట్టి, నెట్‌వర్క్ స్కాన్ యాప్ తెరిచా. 23 డివైజ్‌లు కనిపించాయి. బిల్లింగ్ పీసీ, ఎక్స్‌రే పీసీ, రెండు ప్రింటర్లు, డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ డబ్బా), పక్కన కూర్చున్న పేషెంట్ల ఫోన్లు, అన్నీ ఒకే వరసలో. డీవీఆర్ అడ్రస్ బ్రౌజర్‌లో కొడితే లాగిన్ పేజీ వచ్చింది, యూజర్ అడ్మిన్, పాస్‌వర్డ్ 12345, డాక్టర్ గారి గది లైవ్‌లో నా ఫోన్‌లో. ఎక్స్‌రే పీసీలో షేర్ చేసిన ఫోల్డర్‌కి అసలు పాస్‌వర్డే లేదు. డాక్టర్ గారికి ఫోన్ చూపిస్తే ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి ఫైర్‌వాల్ పెట్టించాం కదండీ" అన్నారు. పెట్టించారు, నిజమే, ర్యాక్‌లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కానీ పేషెంట్ ఫోన్ నుంచి ఎక్స్‌రే పీసీకి పోయే ట్రాఫిక్ ఆ ఫైర్‌వాల్ దాకా రాదు, కింద 24 పోర్ట్‌ల మామూలు స్విచ్‌లోనే అటు నుంచి ఇటు తిరిగిపోద్ది. గేటు దగ్గర వాచ్‌మన్ ఎంత గట్టోడైనా ఇంట్లో గదుల మధ్య తలుపులే లేకపోతే వాడేం చేస్తాడు.

ఆ తలుపులే వీల్యాన్‌లు. ఒకే స్విచ్‌ని లోపల ముక్కలుగా విడగొట్టి, బిల్లింగ్ ఒకటి, కెమెరాలు ఒకటి, గెస్ట్ వైఫై ఒకటి అని చేయొచ్చు. స్టాండర్డ్ ప్రకారం 4094 దాకా చేయొచ్చు, మనకి నాలుగు చాలు. దీనికి మేనేజ్డ్ స్విచ్ కావాలి, లేదా కనీసం స్మార్ట్ మేనేజ్డ్ అని అమ్మేది, అన్‌మేనేజ్డ్ దాంట్లో కేబుల్ గుచ్చడం తప్ప ఏమీ చేయలేం. రెంటికీ రేటులో తేడా ఉంటుంది, కానీ ఫైర్‌వాల్ రేటు ముందు అది లెక్కలోకి రాదు. 2017 మేలో వచ్చిన వానాక్రై గుర్తుందా, విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఉన్న లోపం పట్టుకుని ఒక సిస్టమ్ నుంచి పక్క సిస్టమ్‌కి పాకింది, మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి ప్యాచ్ రెండు నెలల ముందు మార్చిలోనే ఇచ్చినా వేస్కోనోళ్లు మునిగారు. అలాంటిది లోపలికి ఒక్కసారి వస్తే ఆపేది వీల్యానే, గేటు దగ్గరి బాక్స్ కాదు. ఒక్క జాగ్రత్త, వీల్యాన్‌లు గీసి ఊరుకుంటే సరిపోదు, వాటి మధ్య ఎవరు ఎవరి దగ్గరికి పోవచ్చో రూల్స్ రాయాలి, అవి రాసేది రౌటర్‌లోనో ఫైర్‌వాల్‌లోనో. నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బాల్లో చాలావాటికి వీల్యాన్ అంటే తెలీదు. ఆ 9 వేల రౌటర్ కొటేషన్ నేను మొదట్లోనే తీసి పారేయకపోవడానికి కారణం ఇదే, దానికి వీల్యాన్ తెలుసు.

ఇప్పుడు అసలు ఫైర్‌వాల్. మొదట్లో వచ్చినవి ప్యాకెట్ ఫిల్టర్లు, ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్‌కి, ఏ పోర్ట్, అంతే చూస్తాయి. తర్వాత 1994లో చెక్‌పాయింట్ కంపెనీ ఫైర్‌వాల్-1తో స్టేట్‌ఫుల్ అనేది బాగా పాపులర్ అయింది, అంటే లోపలి నుంచి ఎవరు ఏ మాట మొదలుపెట్టారో గుర్తుపెట్టుకుని దానికొచ్చే జవాబునే లోపలికి రానిస్తుంది. ఇప్పుడు 2 వేల రౌటర్‌లో కూడా ఇది ఉంటుంది, అందుకే అందరూ "ఫైర్‌వాల్ ఉంది సార్" అనగలుగుతున్నారు. 2004లో ఐడీసీ అనే రీసెర్చ్ కంపెనీ యూటీఎం అనే మాట పెట్టింది, ఫైర్‌వాల్, యాంటీవైరస్, ఐపీఎస్ (దాడుల్ని గుర్తుపట్టి ఆపేది), వెబ్ ఫిల్టర్, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసులోకి తాళం వేసిన దారి) అన్నీ ఒకే డబ్బాలో. మన అహ్మదాబాద్‌లో పుట్టిన సైబరోమ్ ఇలాంటిదే, 2014లో సోఫోస్ కొనేసింది. 2009లో గార్ట్‌నర్ వాళ్లు నెక్స్ట్ జనరేషన్ ఫైర్‌వాల్ (ఎన్‌జీఎఫ్‌డబ్ల్యూ) అని ఇంకో డెఫినిషన్ రాశారు, పోర్ట్ నంబర్ కాకుండా లోపల నడిచే యాప్ ఏంటో గుర్తుపట్టాలని. చిన్న ఆఫీసు స్థాయిలో ఈ రెండు మాటల మధ్య తేడా ఇప్పుడు బ్రోచర్‌లోనే మిగిలింది, యూటీఎం అన్నా ఎన్‌జీఎఫ్‌డబ్ల్యూ అన్నా ఇంచుమించు ఒకటే డబ్బా వస్తుంది, ఆ మాట మీద ఎక్కువ డబ్బులు అడిగితే ఇవ్వకండి.

అసలు చూడాల్సింది స్పీడ్ అంకెలు, ఇక్కడే అందరూ పడిపోతారు. మన మెట్రో అనుకోండి, సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట స్టేషన్. టికెట్ గేట్లు టకటకా తెరుచుకుంటాయి, కానీ బ్యాగులు స్కానర్‌లో పెట్టే దగ్గర క్యూ మెట్ల దాకా ఉంటుంది. ఫైర్‌వాల్ త్రూపుట్ అని డేటాషీట్‌లో పెద్దగా వేసేది టికెట్ గేటు స్పీడు, థ్రెట్ ప్రొటెక్షన్ త్రూపుట్ అని కింద చిన్నగా ఉండేది బ్యాగ్ స్కానర్ స్పీడు. ఉదాహరణకి ఫోర్టిగేట్ 40ఎఫ్ అనే చిన్న మోడల్ డేటాషీట్ తీయండి, ఫైర్‌వాల్ 5 జీబీపీఎస్ అని ఉంటుంది, థ్రెట్ ప్రొటెక్షన్ దగ్గరికొస్తే 600 ఎంబీపీఎస్. దాన్ని తప్పు పట్టట్లేదు, అన్ని కంపెనీలవీ ఇలాగే ఉంటాయి, వాళ్లు కనీసం రెండూ రాశారు. మీ లైన్ 300 ఎంబీపీఎస్ అయితే 600 హాయిగా సరిపోద్ది, గిగాబిట్ లైన్ తీస్కుని ఇది పెడితే సగం డబ్బులు నెట్ కంపెనీకి దానం చేసినట్టే.

అంకెల్లో ఇంకోటి ఉంది, ఎస్‌ఎస్‌ఎల్ ఇన్‌స్పెక్షన్. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్‌లోనే (డేటాకి తాళం వేసి పంపే పద్ధతి) ఉన్నాయి కాబట్టి, బాక్స్‌లో యాంటీవైరస్ ఎంత బాగున్నా సీలు వేసిన కవరు బయట అడ్రస్ చదివినట్టే. కవరు తెరవాలంటే ఇన్‌స్పెక్షన్ ఆన్ చేయాలి, స్పీడు ఇంకా పడిపోద్ది, ప్రతి సిస్టమ్‌లో బాక్స్ ఇచ్చే సర్టిఫికెట్ (ఈ బాక్స్‌ని నమ్మొచ్చని సిస్టమ్‌కి చెప్పే ఫైల్) ఎక్కించాలి. నా తప్పు ఒకటి చెప్తా. బేగంబజార్‌లో ఒక ట్రేడింగ్ ఆఫీసులో కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో దీన్ని అందరికీ ఆన్ చేసి ఇంటికొచ్చా, మర్నాడు 20వ తారీఖు, జీఎస్టీఆర్ 3బీ చివరి రోజు. పదింటికి ఫోన్, బ్యాంక్ సైట్ తెరుచుకోవట్లేదు, సర్టిఫికెట్ ఎర్రర్ అని. మూడు ల్యాప్‌టాప్‌లకి సర్టిఫికెట్ ఎక్కించడం మర్చిపోయా, ఇంకో అమ్మాయి ఫైర్‌ఫాక్స్ వాడుతుంది, అదేమో అప్పట్లో విండోస్‌లో ఎక్కించింది పట్టించుకోకుండా తన సర్టిఫికెట్ల లిస్ట్ తనే పెట్టుకునేది. మెట్రో ఎక్కి పోయి, సేఠ్ నా మొహం చూస్తుండగా, బ్యాంకుల్నీ గవర్నమెంట్ సైట్లనీ ఇన్‌స్పెక్షన్ నుంచి తప్పించి వచ్చా. కాబట్టి ఎవరైనా "సార్ ఫుల్ ఇన్‌స్పెక్షన్ ఇస్తాం" అంటే, ఎక్సెప్షన్ లిస్ట్ ఎవరు చూస్తారు, కొత్త ల్యాప్‌టాప్ వస్తే సర్టిఫికెట్ ఎవరు ఎక్కిస్తారు అని అడగండి.

ఐడీఎస్, ఐపీఎస్ తేడా రెండు ముక్కల్లో, మొదటిది దాడిని చూసి అరుస్తుంది, రెండోది చూసి ఆపుతుంది. అరుపు వినేవాడు లేని ఆఫీసులో ఐడీఎస్ పెట్టడం దండగ. వాఫ్ అంటే వెబ్‌సైట్ ముందు నిలబడి దాడుల్ని ఆపే ఫైర్‌వాల్, మీ ఆఫీసులో మీరే వెబ్‌సైట్ హోస్ట్ చేయకపోతే ఆ లైను కొటేషన్‌లోంచి కొట్టేయమనండి, రెండో కొటేషన్‌లో అన్నకి ఇది కూడా తగిలించారు, ఆయన వెబ్‌సైట్ ఎక్కడో హోస్టింగ్ కంపెనీలో ఉంది.

మూడో కొటేషన్‌లో ఉన్న ఫ్రీ ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ పేరు ఆప్‌ఎన్‌సెన్స్. 2004లో మొదలైన పీఎఫ్‌సెన్స్ నుంచి 2015లో చీలి వచ్చింది, రెండూ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి, నిజంగా మంచి సరుకు, మా ఇంట్లో ఇదే ఉంది. వీల్యాన్, వీపీఎన్, సురికాటా అనే సాఫ్ట్‌వేర్‌తో ఐపీఎస్, అన్నీ వస్తాయి, ఏటా లైసెన్స్ గోల లేదు. నెట్‌వర్క్ కార్డులు ఇంటెల్‌వి ఉన్న మినీ పీసీ తీస్కోవాలి, రియల్‌టెక్ కార్డులతో ఫ్రీబీఎస్‌డీకి సరిగ్గా పొసగదని ఈ పని చేసే చాలామందికి అనుభవమే. కానీ ఖర్చు లేదనుకోకండి, ఖర్చు మనిషి రూపంలో ఉంటుంది. అప్‌డేట్ వేసి రీబూట్ చేస్తే లేవకపోతే, రాత్రి ఎస్‌ఎస్‌డీ పోతే, ఎవరికి ఫోన్ చేస్తారు? పెట్టిన కుర్రాడికి బెంగళూరులో జాబ్ వచ్చి వెళ్లిపోతే? కంపెనీ బాక్స్ అయితే ఆర్‌ఎంఏ అని ఒకటి ఉంటుంది, పాడైతే వేరేది పంపిస్తారు, ఆ సపోర్ట్ లైసెన్స్‌లోనే కలిసి ఉంటుంది. ఆఫీసులో ఒక్కడైనా దీన్ని ఇష్టపడి చూస్కునేవాడుంటే ఓపెన్ సోర్స్, లేకపోతే కంపెనీ బాక్స్, నా లెక్క ఇంతే.

లైసెన్స్ అన్నాను కదా, అది అయిపోతే ఏమవుద్దో కొనేముందే అడగాలి. చాలా బాక్స్‌లు ఆగిపోవు, నెట్ నడుస్తూనే ఉంటుంది, అందుకే ఎవరికీ తెలీదు. కొత్త సిగ్నేచర్లు (వైరస్‌లని, దాడుల్ని పట్టే గుర్తులు) రావు, కొన్నింట్లో వెబ్ ఫిల్టర్ పనిచేయదు, కొన్నింటికి కొత్త ఫర్మ్‌వేర్ (బాక్స్ లోపలి సాఫ్ట్‌వేర్) కూడా దొరకదు, అలా రెండేళ్లు పాతబడిన బాక్స్ గేటు దగ్గర ఉంటే అదే దొంగకి దారి అయిపోద్ది, ఎందుకంటే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌లో కూడా లోపాలు బయటపడుతూనే ఉంటాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ బాక్స్‌లు సగం కంటే తక్కువకి దొరుకుతాయి, చూస్తే కొత్తదానిలాగే మెరుస్తుంటాయి, కానీ సీరియల్ నంబర్ పాత ఓనర్ అకౌంట్‌లో రిజిస్టర్ అయి ఉంటే మీ పేరు మీద లైసెన్స్ ఎక్కించడం పెద్ద తలనొప్పి. మేనేజ్డ్ స్విచ్ అయితే సెకండ్ హ్యాండ్ తీస్కోండి ఫర్వాలేదు, ఫైర్‌వాల్ మాత్రం వద్దు.

వీపీఎన్ దగ్గర ఒక కన్ఫ్యూజన్ ఉంది, ఫోన్‌లో దేశం మార్చుకోడానికి వాడే యాప్ వేరు, ఇది వేరు. ఆఫీసు వీపీఎన్ అంటే ఇంట్లో కూర్చుని ఆఫీసు లోపలికి తాళం వేసిన దారిలో రావడం, ఇందాకటి 3389 పోర్ట్ మూసేసి దాని బదులు పెట్టాల్సింది ఇదే. వీపీఎన్ పద్ధతుల్లో, రెండు బ్రాంచ్‌లు కలపాలంటే ఐపీసెక్, మనుషులు ఇంట్లోంచి రావాలంటే ఐపీసెక్ అయినా వైర్‌గార్డ్ అయినా, వైర్‌గార్డ్ 2020లో లినక్స్ కెర్నల్ 5.6లోనే కలిసిపోయింది, సెటప్ చాలా తేలిక. ఏది పెట్టినా పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో ఓటీపీ లాంటిది ఇంకోటి ఉండాల్సిందే. ఇంకో మెలిక, మీ రౌటర్‌లో బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరు సీజీనాట్ వెనకాల ఉన్నట్టు, అంటే నెట్ కంపెనీ చాలామందికి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇచ్చింది, బయటి నుంచి మీ బాక్స్‌ని పిలవడం కుదరదు. స్టాటిక్ ఐపీకి (మారకుండా మీ ఒక్కరికే ఇచ్చేది) వేరేగా డబ్బులు కట్టాలి, ఇది కొటేషన్‌లో ఎవరూ రాయరు, బాక్స్ పెట్టిన రోజు బయటపడుద్ది.

లాగ్స్ (ఎవరు ఎప్పుడు ఎక్కడికి పోయారో బాక్స్ రాసుకునే చిట్టా) సంగతి కూడా అడగండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగ్స్ 180 రోజులు దాచాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి. చిన్న బాక్స్‌ల్లో చాలావాటికి డిస్కే ఉండదు, కరెంట్ పోయి వస్తే లాగ్స్ మాయం. అప్పుడు లాగ్స్‌ని సిస్‌లాగ్ పద్ధతిలో పంపడానికి పక్కన పాత పీసీయో నాస్‌యో (నెట్‌వర్క్‌లో పెట్టే స్టోరేజ్ డబ్బా) పెట్టాలి, లేదా కంపెనీ క్లౌడ్‌లో దాచడానికి ఇంకో సబ్‌స్క్రిప్షన్.

సరే ఎవరికి ఏది. ఇంటికైతే ఏ ఫైర్‌వాలూ కొనకండి, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, యూపీఎన్‌పీ (డివైజ్‌లు వాటంతటవే పోర్ట్‌లు తెరుచుకునే ఆప్షన్) ఆపి, కెమెరాలూ స్మార్ట్ టీవీ గెస్ట్ వైఫైలో పెట్టేస్తే అయిపోయింది. మాదాపూర్‌లో పది మంది స్టార్టప్, పనంతా క్లౌడ్‌లోనే, సగం మంది కెఫేల్లో కూర్చుంటారు అనుకోండి, వాళ్లకి ఆఫీసు గేటు దగ్గర లక్ష పెట్టడం అనవసరం, ఆ డబ్బు ల్యాప్‌టాప్‌ల ప్రొటెక్షన్ మీదా అకౌంట్లకి రెండో లాక్ మీదా పెట్టాలి. హాస్టలో కాలేజో అయితే వెబ్ ఫిల్టర్, యూజర్ వారీగా లాగిన్, లాగ్స్, ఈ మూడూ కావాలి కాబట్టి యూటీఎం తప్పదు, పైగా పిల్లలు మొబైల్ వీపీఎన్‌లతో దాన్ని దాటే ప్రయత్నం రోజూ చేస్తారు, చూస్కునే మనిషి కూడా తప్పదు. క్లినిక్, కిరాణా హోల్‌సేల్, చిన్న స్కూల్ లాంటివాటికి వీల్యాన్ తెలిసిన రౌటర్, మేనేజ్డ్ స్విచ్, మంచి బ్యాకప్, దాంతో మొదలుపెట్టొచ్చు, దిల్‌సుఖ్‌నగర్ క్లినిక్‌లో పాత ఫైర్‌వాల్ ఉంచేసి స్విచ్ ఒక్కటే మార్చాం.

అన్నకి మాత్రం ఆఫీసులో చూస్కునేవాడు లేడు, క్లయింట్ల పాన్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అన్నీ ఆ ట్యాలీ పీసీలో ఉన్నాయి. కాబట్టి రెండో కొటేషన్ వాడినే పిలిచి, వాఫ్ తీయించి, ఒక మోడల్ కిందికి దించి, మిగిలిన దాంట్లో 24 పోర్ట్‌ల మేనేజ్డ్ స్విచ్ ఇమ్మన్నాం. వాడు "సార్ ఫ్యూచర్‌లో పెరుగుతారు కదా" అని ఒక ప్రయత్నం చేశాడు. లైన్ 300 ఎంబీపీఎస్, మనుషులు 14 మంది, అన్న గత ఎనిమిదేళ్లలో పెంచుకున్నది ఇద్దర్ని. మూడేళ్ల లైసెన్స్ మాత్రం ఉంచాం, ఏడాదికి లెక్కేస్తే తక్కువ పడింది, రెన్యువల్ డేట్ అన్న క్యాలెండర్‌లో ఐటీ రిటర్న్స్ గడువుల పక్కనే రాయించా, అవి మాత్రం ఆయన ఎప్పుడూ మర్చిపోడు.

శనివారం సాయంత్రం పెట్టడం అయిపోయాక కాన్ఫిగ్ బ్యాకప్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసి అన్నకిచ్చి, ఇన్‌స్టాల్ చేసినోడు బయటి నుంచి అడ్మిన్ పేజీ తెరుచుకునేలా వదిలేశాడేమో చూద్దామని నా ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఆఫీసు పబ్లిక్ ఐపీ కొట్టా. లాగిన్ పేజీ వచ్చేసింది, అనుకున్నంతా అయింది. బాక్స్‌లో బయటి ఇంటర్‌ఫేస్ దగ్గర ఆ టిక్ తీసేసి మళ్లీ కొడితే పేజీ తిరిగీ తిరిగీ తెల్లగా ఆగిపోయింది. వెనక నుంచి తొంగి చూస్తున్న అన్న, "అరే, నెట్ పోయినట్టుంది కదరా" అన్నాడు.